విపత్తు వేళ వైద్య సహాయం: భుజ్ భూకంపం నేర్పినది

(ఈ పాఠాన్ని సంఘ కార్యదర్శులు నెలవారీ సమావేశంలో సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము. ఒక్క సమావేశంలో పూర్తికాకపోతే రెండుసార్లుగా చదువుకోవచ్చు.)



పశువుకు జబ్బు చేస్తే ఏం చేయాలో ఈ పేజీలలో పలుమార్లు చెప్పుకున్నాము. ఈసారి మనుషుల సంగతి. భూకంపమో, ఉప్పెనో, వరదో వచ్చి ఊరు ఊరంతా ఒక్కసారిగా దెబ్బతిన్నప్పుడు గాయపడినవారికి వైద్యం ఎవరు అందిస్తారు, ఎంతసేపటికి అందిస్తారు, కూలిపోయిన వైద్యశాలలను ఆ తరువాత ఎలా నిలబెట్టుకుంటారు అన్నది ఈ పాఠంలోని విషయం. ఇందుకు గుజరాత్ రాష్ట్రంలోని కచ్ జిల్లాను ఉదాహరణగా తీసుకుంటున్నాము. పాల సహకార సంఘాలకు పుట్టినిల్లయిన రాష్ట్రం కనుక అది మనకు బొత్తిగా పరాయి చోటు కాదు.

2001 జనవరి 26వ తేదీ. గణతంత్ర దినోత్సవం. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు కచ్‌లోని భచావు తాలూకాలో, చోబారీ గ్రామం దాపున భూమి కంపించింది. తీవ్రత 7.7. ఉదయపు పాలు పోసి, క్యాన్లు పంపి, జనం ఎవరి పనుల్లో వారు పడే వేళ అది. భచావు, అంజార్, రాపర్, భుజ్ పట్టణాలు నేలమట్టమైనట్టే అయినవి. రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా అంతస్తుల మేడలు కూలాయి. అంజార్‌లో జెండా పండుగ ఊరేగింపుగా ఇరుకు వీధిలో నడుస్తున్న విద్యార్థులు 185 మంది, ఉపాధ్యాయులు 20 మంది ఇరుపక్కల ఇళ్ళు మీద పడి చనిపోయారు. మొత్తం మృతులు 20 వేల దాకా అని తొలి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. తరువాత సవరించిన లెక్క 13,800 పైచిలుకు. గాయపడినవారు 1 లక్షా 66 వేలమంది.

ఈ చివరి అంకెను సభ్యులు కాస్త ఆగి ఆలోచించాలి. చనిపోయిన ఒక్కొక్కరికి ఎన్నో రెట్లు గాయపడినవారు ఉన్నారు. భూకంపం లక్షణం అదే. మన దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన తీరు వేరు. నీరు ముంచిన చోట ప్రాణాలు అప్పటికప్పుడే పోయాయి. చెట్టుకొమ్మ పట్టుకుని, డాబా ఎక్కి బతికినవారికి కావలసినది ముఖ్యంగా మంచినీరు, తిండి, గుడ్డ, పుండ్లకు కట్లు. భూకంపంలో అలా కాదు. ఎముకలు విరిగి, రాళ్ళకింద నలిగి, ఇంకా ఊపిరి ఉన్నవారు వేలమంది ఒక్క గంటలో తయారవుతారు. వారిలో ఎందరు బతుకుతారన్నది ఆ రోజు సాయంత్రంలోపల జరిగే పనులమీద ఆధారపడి ఉంటుంది.

ఆస్పత్రే కూలిన రోజు

భుజ్‌లో జిల్లా ఆస్పత్రి ఉండేది. భూకంపానికి అది కూలిపోయింది. లోపలి రోగులలో, సిబ్బందిలో పలువురు ఆ శిథిలాలకిందనే పోయారు. జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు కూడా చాలావరకు దెబ్బతిన్నాయి. అంటే, గాయపడినవారు వేలల్లో ఉన్న క్షణాన వారిని తీసుకుపోవడానికి చోటే లేదు. మిగిలిన డాక్టర్లు, సైనిక వైద్యులు ఆరుబయట మైదానాలలో, గుడారాలలో చేతికందిన సామానుతో వైద్యం చేశారు. ఆ డాక్టర్లలోనూ నర్సులలోనూ సొంత ఇల్లు కూలినవారు, సొంత మనుషులను పోగొట్టుకున్నవారు ఉన్నారు. విపత్తులో డాక్టరు కూడా బాధితుడే అన్న సంగతి మనం సాధారణంగా మరచిపోతాము.

రాళ్ళకింద ఉన్నవారిని మొదట బయటికి లాగినది ఎవరు? ఇరుగుపొరుగువారు. గడ్డపారలతో, ఉత్త చేతులతో, మంచం కోళ్ళతో. ఏ దేశపు భూకంపాన్ని తీసుకున్నా ప్రాణాలతో బయటపడినవారిలో అధిక సంఖ్యాకులను తీసినది తొలి ఇరవైనాలుగు గంటల్లో ఊరివారే. యంత్రాలు, కుక్కలు, ప్రత్యేక దళాలు వచ్చేది ఆ తరువాత. వారి పని తక్కువది కాదు. కాని వారు విమానం దిగేసరికి లెక్క చాలావరకు తేలిపోయి ఉంటుంది.

విదేశాల నుంచి వచ్చే గుడారపు ఆస్పత్రుల సంగతీ అంతే. భుజ్‌కు ఇజ్రాయిల్ సైన్యం వైద్యశాల వచ్చింది. నార్వే, ఫిన్లాండ్ దేశాల రెడ్ క్రాస్ సంఘాలు 300 పైచిలుకు పడకల ఆస్పత్రినే గుడారాలలో నిలబెట్టాయి. ఎంతో మేలు చేశాయి. అయితే అవి పని మొదలుపెట్టేసరికి భూకంపం వచ్చి కొన్ని రోజులు గడిచాయి. సామాను కట్టాలి, విమానం దొరకాలి, దిగేచోట లారీలు దొరకాలి, గుడారం వేసే చోటు చూడాలి, నీరు, కరెంటు ఏర్పాటు కావాలి. ఎంత తొందరపడినా ఈ పనులకు పట్టే కాలం పడుతుంది. రక్తం కారే మనిషికి ఉన్న గడువు గంటలు, కొందరికి నిమిషాలే. 2003 డిసెంబరు 26న ఇరాన్‌లోని బామ్ పట్టణంలో భూకంపం వచ్చినప్పుడు ఆ ప్రభుత్వం గాయపడినవారిలో అత్యధికులను విమానాలలో ఇతర నగరాల ఆస్పత్రులకు తరలించివేసింది. విదేశీ ఆస్పత్రులు చాలావరకు వచ్చేసరికి వాటికోసం ఎదురుచూసే క్షతగాత్రులు పెద్దగా మిగలలేదు.

అలాగని ఆ ఆస్పత్రులు వృథా అనుకోరాదు. వారం తరువాత వాటి అసలు పని మొదలవుతుంది. చీము పట్టిన గాయాలు, రెండవసారి చేయవలసిన ఆపరేషన్లు, కాన్పులు, పిల్లల జ్వరాలు, గుండెజబ్బులు, చక్కెరజబ్బు మందు అయిపోయినవారు అందరూ అక్కడికే వస్తారు. ఊళ్ళో ఆస్పత్రి లేదు కనుక మామూలు రోగాలు కూడా ఆ గుడారం వాకిటనే నిలబడతాయి. భూకంపం వచ్చినంత మాత్రాన కాన్పులు ఆగవు కదా.

ఇలా వచ్చే వైద్య బృందాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో తరగతులు ఏర్పరచింది. మొదటి తరగతి బృందం ఒకచోట కుదురుకుంటే రోజుకు కనీసం 100 మంది రోగులను చూడగలగాలి. రెండవ తరగతికి 20 పడకలు, రోజుకు 7 పెద్ద ఆపరేషన్లు చేసే శక్తి ఉండాలి. మూడవ తరగతికి 40 పడకలు, 15 పెద్ద ఆపరేషన్లు. అందరికీ వర్తించే నియమం ఒకటి ఉంది: తమ నీరు, తమ తిండి, తమ కరెంటు తామే తెచ్చుకోవాలి. చావు ఇంటికి వచ్చిన చుట్టం తన బియ్యం తాను తెచ్చుకున్నట్టన్నమాట. ఇది అంతకుముందు అందరూ పాటించిన నియమం కాదు కనుకనే వ్రాసిపెట్టవలసి వచ్చింది.

డాక్టరు వచ్చేలోగా

ఇక మన చేతిలో ఉన్న పనులు. ప్రథమ చికిత్స శిక్షణను పాఠం చదివి పూర్తిగా పొందలేము. చేత్తో చేసి నేర్చుకోవలసిన విద్య అది. అయినా కొన్ని విషయాలకు కారణం తెలిస్తే చేయి తప్పుదారి పట్టదు.

రక్తం ధారగా కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ మడిచిపెట్టి గట్టిగా అదిమి పట్టాలి. మాటిమాటికి తీసి చూడరాదు. గుడ్డ తడిస్తే దానిమీదనే ఇంకొకటి. చేతికో కాలికో తగిలిన గాయంనుంచి అదిమినా ఆగకుండా ప్రాణం తీసేంతగా రక్తం పోతుంటే మాత్రమే గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టాలి. కట్టిన సమయం వ్రాయాలి. సన్నటి తాడు, తీగ పనికిరావు. తెలివి తప్పి ఊపిరి ఆడుతున్న మనిషిని ఒక ప్రక్కకు ఒత్తిగిల్లజేస్తే నాలుక, వాంతి గొంతుకు అడ్డం పడవు. తెలివిలేని వాని నోట్లో నీళ్ళు పోయరాదు. ఈ పొరపాటు ప్రేమకొద్దీ చేస్తారు, ప్రాణం తీస్తుంది.

విరిగిన కాలిని లాగి సరిచేయబోవద్దు. వెదురుబద్దలో, గొడుగు కర్రో, ఏదీ లేకపోతే రెండవ కాలో ఆసరాగా పెట్టి, విరిగినచోటికి పైకీళ్ళు క్రిందికీళ్ళు కదలకుండా కట్టాలి. వెన్ను దెబ్బతిన్నదని అనుమానం ఉంటే చంకలు, కాళ్ళు పట్టుకుని వేలాడదీసి మోయరాదు. నలుగురైదుగురు కలిసి ఒక్క మాటమీద ఎత్తి తలుపు చెక్కమీద పడుకోబెట్టాలి. నులకమంచం కుంగుతుంది కనుక దానికంటె తలుపు మంచిది.

గాయం మీద పేడ, బూడిద, కాఫీపొడి, పసుపు ముద్ద పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉన్నది. ధనుర్వాతపు క్రిమి మట్టిలోను, పశువుల పేడలోను ఉంటుంది. మన పాకల చుట్టూ తిరిగేవారికి ఇది మరీ ముఖ్యం. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇండొనేషియాలోని ఆచే ప్రాంతంలో నూరుమందికి పైగా ధనుర్వాతం వచ్చింది. నీటినుంచి బతికి బయటపడి, చిన్న గాయంవల్ల పోయినవారు వారిలో ఉన్నారు. గాయాన్ని కాచి చల్లార్చిన నీటితో ధారాళంగా కడగాలి, శుభ్రమైన గుడ్డ కప్పాలి, టీకా సంగతి డాక్టరుకు గుర్తు చేయాలి. మురికి గాయాన్ని అప్పటికప్పుడు కుట్టివేయకుండా శుభ్రం చేసి, కొన్ని రోజులు తెరచి ఉంచి, తరువాత కుట్టడమే విపత్తుల్లో పనిచేసే శస్త్రవైద్యుల పద్ధతి. కుట్టలేదని డాక్టరుతో తగాదా పడవద్దు. లోపల మురికిని పెట్టి పైన కుడితే అది కుళ్ళుతుంది, ఒక్కోసారి కాలే తీసివేయవలసి వస్తుంది.

పాడి రైతులు తేలికగా గ్రహించగల విషయం మరొకటి ఉంది. పాలజ్వరం వచ్చిన ఆవు ఒకే ప్రక్కన గంటల తరబడి పడుకుంటే, తరువాత డాక్టరు కాల్షియం ఎక్కించినా ఒక్కోసారి లేవదు. తన బరువుకింద తన తొడ కండరాలే నలిగి చెడిపోవడం దానికి కారణం. అందుకే పడిపోయిన ఆవును ప్రక్కలు మార్చమని మన పశువైద్యులు చెబుతారు. గోడకింద కాళ్ళు ఇరుక్కుని గంటలకొద్దీ పడి ఉన్న మనిషికీ ఇదే జరుగుతుంది. బరువు తీయగానే లేచి మాట్లాడతాడు, మంచినీళ్ళు అడుగుతాడు, బతికాడని అందరూ సంతోషిస్తారు. కాని నలిగిన కండరాలలోని పొటాషియం, ఇతర పదార్థాలు ఒక్కసారి రక్తంలోకి వస్తాయి. పొటాషియం గుండెను ఆపగలదు. తక్కినవి మూత్రపిండాలను మూసివేస్తాయి. డాక్టర్లు దీనిని క్రష్ సిండ్రోమ్ అంటారు. 1988 డిసెంబరులో ఆర్మీనియా భూకంపంలో రాళ్ళకిందనుంచి ప్రాణాలతో తీసిన వందలమందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రక్తశుద్ధి యంత్రాలు చాలలేదు. ఆ అనుభవంతోనే అంతర్జాతీయ మూత్రపిండ వైద్యుల సంఘం విపత్తుల కోసం ఒక దళాన్ని ఏర్పరచింది.

గ్రామస్థులు దీనికి మందు వేయలేరు. చేయగలిగినది ఉంది. బరువు కదిలించకముందే నరానికి సెలైను ఎక్కించగల మనిషి దగ్గరలో ఉంటే పిలిపించాలి. లేకపోతే ఆగకుండా బయటికి తీయాలి. తీసిన మనిషి బాగానే ఉన్నాడనిపించినా ఆస్పత్రికి పంపాలి. ఎన్ని గంటలు కింద ఉన్నాడో చీటీమీద వ్రాసి చొక్కాకు గుచ్చాలి. మూత్రం ఎర్రగా, కాఫీరంగుగా వస్తే ఆ మాటా వ్రాయాలి. ఆ చీటీ చూసిన డాక్టరుకు అరగంట పరీక్ష తప్పుతుంది.

ఎవరిని ముందు?

వ్యాను ఒకటే ఉన్నది, గాయపడినవారు ఇరవైమంది. ఎవరిని ముందు పంపాలి? పెద్దగా కేకలు వేసేవారినా? సంఘ అధ్యక్షుల చుట్టాలనా? కేకవేసే మనిషికి ఊపిరి బాగా ఆడుతున్నదన్నమాట. నిశ్శబ్దంగా పాలిపోయి పడి ఉన్నవాని సంగతి ముందు చూడాలి. విపత్తుల్లో వైద్యులు గాయపడినవారిని రంగుల చీటీలతో వేరు చేస్తారు. వెంటనే చికిత్స చేస్తే బతికేవారికి ఎరుపు, కొన్ని గంటలు ఆగగలవారికి పసుపు, నడవగలవారికి ఆకుపచ్చ, చనిపోయినవారికి, ఏం చేసినా బతకరనుకున్నవారికి నలుపు. ఇది కఠినమైన పద్ధతి. కన్నబిడ్డకు పసుపు చీటీ కట్టి పక్కింటివానికి ఎరుపు చీటీ కడితే తల్లి ఒప్పుకోవడం కష్టం. కాని ఈ పద్ధతి లేనిచోట బలమున్నవాడు, బంధుబలమున్నవాడు ముందు వెళతాడు, బతికేవారు చనిపోతారు. చీటీలు కట్టే పని ఒక్కరికే అప్పగించాలి. ఆ మనిషి మాటమీద తగాదా ఉండరాదని మామూలు రోజుల్లోనే సంఘంలో అనుకుని ఉండాలి. ఆ రోజున అనుకుందామంటే కుదరదు.

మన పాలపొడి సంగతి

ఇప్పుడు చెప్పబోయేది పాల సంఘాల వారికి కొంచెం చేదుగా ఉండవచ్చు. చెప్పక తప్పదు.

విపత్తు వచ్చిందనగానే మనసున్న ప్రతివారూ ఏదో ఒకటి పంపుతారు. ఆర్మీనియాకు 1988లో కనీసం 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వెళ్ళాయి. అందులో తేలికగా గుర్తుపట్టగలిగినవి నూటికి 30 మాత్రమే. కొన్నింటికి గడువు తీరింది, కొన్ని మంచుకు పాడయ్యాయి, చాలావాటి పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియని భాషల్లో ఉన్నాయి. లెక్క తేల్చడానికి 50 మంది ఆరు నెలలు పనిచేశారు. ఆ 50 మంది రోగుల దగ్గర ఉండవలసినవారు!

మనవంటివారికి తోచేది పాలపొడి. ఆకలిగొన్న పసివాడికి పాలపొడి పంపడంకంటె పుణ్యం ఏముంటుందనిపిస్తుంది. 2006 మేలో ఇండొనేషియాలోని యోగ్యకర్తా భూకంపం తరువాత దాతలు డబ్బాపాలు విరివిగా పంచారు. ఆ పాలు అందిన పసిపిల్లలలో నూటికి 25 మందికి విరేచనాలు పట్టుకున్నాయి. అందనివారిలో నూటికి 12 మందికి లోపు. సగం మేర చంటిపిల్లల రోగం దానంవల్ల వచ్చిందన్నమాట. పాలపొడిలో తప్పు లేదు. దానిని కలిపే నీరు కాచినది కాదు, సీసా కడిగినది కాదు, వంటచెరకు లేదు. పోషణకోసం పంచిన డబ్బా, చంటిబిడ్డ విషయంలో అపాయమైంది.

భయంతో తల్లికి పాలు ఎండిపోయాయి, అందుకే డబ్బాపాలు ఇస్తున్నామని అంటారు. ఈ మాటకు జవాబు చెప్పగలవారు మన సభ్యులకంటె ఎవరున్నారు? కుక్క మొరిగితేనో, కొత్త మనిషి పాలు పిండబోతేనో ఆవు చేపదు. పొదుగులో పాలు లేక కాదు, బెదురువల్ల దిగవు. దూడను విడిచి, నెమ్మదిగా నిమిరి, కాసేపు ఆగితే చేపుతుంది. మనుషుల్లోనూ అంతే. తల్లిని ఒక మరుగైన చోట కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, తాగడానికి నీళ్ళు, తినడానికి తిండి ఇచ్చి, బిడ్డను రొమ్ముకు పెడుతూ ఉంటే పాలు వస్తాయి. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. తల్లి లేని చంటిబిడ్డలుంటారు, నిజమే. వారికి డబ్బాపాలు డాక్టరు లేక నర్సు చూపులో, కాచిన నీటితో, గిన్నెతో తాగించాలి, సీసా వద్దు. సంఘాల దగ్గర ఉన్న పాలపొడిని వంటశాలకు ఇచ్చి పెద్దవారికి, ఎదిగిన పిల్లలకు టీలోనో గంజిలోనో మరిగించి ఇప్పిస్తే అందులో ఎంతో ఉపయోగం ఉన్నది. ఇంటింటికి పొట్లాలుగా పంచవద్దని మా సలహా.

ఇంకొక భయం కూడా ఉంది. శవాలవల్ల అంటురోగాలు వస్తాయని తొందరపడి, పేరైనా వ్రాసుకోకుండా సామూహికంగా పూడ్చివేయడం. గాయాలతో చనిపోయినవారి శరీరాలనుంచి ఊరంతటికి రోగాలు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. చచ్చిన పశువులను బావుల్లోంచి, చెరువుల్లోంచి మాత్రం తప్పక తీయించాలి, ఆ నీరు తాగరాదు. ప్రాణాలతో ఉన్నవారి మలమే అసలు ప్రమాదం. నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ద్రావణం. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచినవి. 1971లో తూర్పు బెంగాలు శరణార్థులు తలదాచుకున్న బనగాఁవ్ శిబిరంలో కలరా వచ్చి సెలైను సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే పీపాలలో కలిపించి, రోగుల బంధువులచేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 3.6కు తగ్గాయి. తాగించినవారు నర్సులు కారు, తల్లులు, అన్నదమ్ములు.

మళ్ళీ కట్టడం

భుజ్‌లో కూలిన జిల్లా ఆస్పత్రి చోట 300 పడకల కొత్త ఆస్పత్రిని కట్టి 2004 జనవరిలో ప్రారంభించారు. దీని విశేషం పునాదిలో ఉంది. భవనాన్ని నేరుగా పునాదిమీద కూర్చోబెట్టకుండా, మధ్యలో సీసం పోసిన రబ్బరు దిమ్మెలు అమర్చారు. న్యూజీలాండులో అభివృద్ధి అయిన పద్ధతి ఇది. భూమి అటూఇటూ కదిలినప్పుడు దిమ్మె సాగి ఆ ఊపును తాను తీసుకుంటుంది, పైన భవనం మెల్లగా ఊగుతుంది. బండి చక్రానికీ తొట్టికీ మధ్య కమాను కట్టలు ఉన్నట్టు. ఇల్లు కూలినా బడి కూలినా ఆస్పత్రి నిలవాలి; అందులోని జనరేటరు, నీళ్ళ ట్యాంకు, ఆక్సిజన్ గొట్టాలు కూడా నిలవాలి. గోడలు నిలబడి నీరు, కరెంటు పోయిన ఆస్పత్రి సగం కూలినట్టే.

భవనం ఒక్కటే చాలదు. గాయపడిన మనిషిని అక్కడికి చేర్చే బండి కావాలి. ఈ విషయంలో మన తెలుగు నేల గుజరాత్‌కు తోవ చూపింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు పద్ధతినే గుజరాత్ 2007లో తెచ్చుకున్నది. అదే సంవత్సరం అత్యవసర వైద్య సేవలకు ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసుకున్నది.

కట్టడం, బండి అయినవి. మూడవది మనిషి. ఈ మూడవదాని విషయంలో పాల సంఘాలకు సొంత చరిత్రే ఉన్నది, మనవారిలో తెలిసినవారు తక్కువ. ఖేడా జిల్లా పాల యూనియన్‌ను నడిపించిన త్రిభువన్‌దాస్ పటేల్ గారు పదవీ విరమణ చేసినప్పుడు సభ్యులు తలా కొంత వేసి ఆయనకు దాదాపు ఆరు లక్షల రూపాయల కానుక ఇచ్చారు. ఆయన దానిని ఇంటికి తీసుకుపోలేదు. 1975లో ఆ డబ్బుతో ఆయన పేరనే ఒక ఫౌండేషన్ ఏర్పడింది. పాల సంఘం ఉన్న ఊళ్ళలో గ్రామంలోని మనిషికే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా నిలపడం దాని పద్ధతి. తల్లుల, పిల్లల ఆరోగ్యం దాని ముఖ్యమైన పని. పశువుకు ప్రథమ చికిత్స చేసే మనిషి ఊళ్ళో ఉండగా పాలు పోసే తల్లికి ఎందుకు ఉండరాదన్నది వారి ఆలోచన. భూకంపంకోసం పెట్టిన సంస్థ కాదది. కాని కట్టు కట్టడం తెలిసిన చేయి, ఏ ఇంట్లో నిండుచూలాలు ఉన్నదో తెలిసిన మనిషి మామూలు రోజుల్లో ఊళ్ళో ఉంటేనే కదా చెడ్డరోజున దొరికేది.

మన సంఘంలో ఉన్నవి

ఒకసారి మన పాలకేంద్రం గదిలో కూర్చుని చుట్టూ చూడండి. ఊళ్ళో ఏ ఇంటివారు రోజూ రెండు పూటలా ఒకచోటికి వస్తారు? ఎవరు రాలేదో ఎవరికి తెలుస్తుంది? పాల రిజిస్టరులో ఇంటింటి పేరు ఉన్నది. భూకంపమైనా తుఫానైనా మరునాడు ఉదయం ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరు పిలిస్తే ఎవరు తప్పిపోయారో పావుగంటలో తెలుస్తుంది. పాలు పోయని ఇళ్ళు, కూలి ఇళ్ళు, ఊరి చివర ఇళ్ళు అందులో ఉండవు. వాటిని ముందే వేరే కాగితంమీద వ్రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. ఈ రెండవ కాగితం లేకపోతే మొదటి పుస్తకం ఉన్నవారికే ఉపయోగపడుతుంది.

క్యాన్లు ఉన్నాయి. బాగా కడిగి ఆవిరి పట్టినవైతే తాగే నీరు మోయడానికి, కాచిన నీరు నిలవచేయడానికి వాటిని మించినవి ఊళ్ళో లేవు. మూత బిగుతు, మూతి వెడల్పు. చేయి ముంచకుండా గరిటెతోనే తీయాలి. శీతల కేంద్రం ఉన్నచోట జనరేటరు ఉన్నది. దానితో ఫోన్లు ఛార్జి చేయవచ్చు, ఆరోగ్య కేంద్రం వారు అడిగితే టీకామందుల పెట్టెకు చల్లదనం ఇవ్వవచ్చు. పాల వ్యాను ఉన్నది. డ్రైవరుకు ప్రతి ఊరి అడ్డదారీ, ప్రతి కల్వర్టూ కంఠోపాఠం. అంబులెన్సు రానిచోట అతడే దారి చూపగలవాడు. అయితే వ్యానులో మనిషిని పడుకోబెట్టే చోటు, కట్టే పట్టీలు ముందే చూసుకుని ఉండాలి.

ప్రథమ చికిత్స పెట్టె చాలా సంఘాలలో ఉన్నది, అందులో ఏమున్నదో చాలాచోట్ల ఎవరికీ తెలియదు. తాళంచెవి కార్యదర్శి ఇంట్లో ఉంటుంది. కార్యదర్శి ఆ రోజున ఊళ్ళో ఉండడు. తాళం తీసివేయండి. ఉడికించి ఆరబెట్టిన పాత పంచె ముక్కలు, వెడల్పు పట్టీలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు, చేతి తొడుగులు, కత్తెర, టార్చి, చీటీలు, పెన్సిలు ఉంటే చాలు. బిళ్ళల మోతాదు వాటి పొట్లంమీదనే ఉంటుంది. ఆ పొట్లాన్ని పారవేయకండి. గడువు తేదీలు ఆరు నెలలకొకసారి చూడాలి. బోనసు పంచే రోజున చూసే అలవాటు పెట్టుకుంటే మరుపు రాదు.

వచ్చే సమావేశానికి ముందు ప్రతి సంఘం ఒక కాగితం తయారు చేయవలసి ఉన్నది. ఊరిలో ప్రథమ చికిత్స శిక్షణ పొందినవారెవరు? లేకపోతే ఇద్దరిని, వారిలో ఒక స్త్రీని, శిక్షణకు పంపడానికి తీర్మానం చేయండి. రెడ్ క్రాస్ జిల్లా శాఖవారు, సెయింట్ జాన్ అంబులెన్సువారు శిక్షణ ఇస్తారు. నిండుచూలాళ్ళు, మంచం పట్టిన ముసలివారు, రోజూ ఇన్సులిన్ వేసుకునేవారు, రక్తశుద్ధికి వెళ్ళేవారు ఏయే ఇళ్ళలో ఉన్నారు? ఎక్స్‌రే, రక్తనిధి, రక్తశుద్ధి యంత్రం ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏది, ఎన్ని కిలోమీటర్లు? 108, 112 నంబర్లతోపాటు ఆ ఆస్పత్రి నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి. వంతెన కూలి ఆ దారి మూసుకుపోతే రెండవ దారి ఏదో, ఆ దారిన మన వ్యాను పడుతుందో లేదో డ్రైవరును అడిగి అదే కాగితంమీద వ్రాసుకోండి.